సిటీ కరెంటు సంస్థలో ఉద్యోగం: చేరే రోజు జీతాన్ని తేలిగ్గా తీసుకోకు

తమ్ముడూ, నువ్వు రెండు ప్రశ్నలు అడిగావు. టెక్సాస్‌లో సిటీ వాళ్ల, అంటే నగర ప్రభుత్వం నడిపే కరెంటు సంస్థ నుంచి ఇంజనీరు ఆఫర్ వచ్చింది, ప్రైవేటు కంటే తక్కువిస్తున్నారు, చేరాలా వద్దా అన్నది ఒకటి. చేరాక కష్టపడి పనిచేస్తే రెండు మూడేళ్లలో జీతం బాగా పెంచుకోవచ్చా అన్నది రెండోది. ముందు రెండోదానికి జవాబు చెబుతాను, ఎందుకంటే మొదటిది దాని మీదే ఆధారపడి ఉంది. నువ్వు రాత్రింబవళ్లు పనిచేసినా, పక్క సీటు అతను ఐదింటికి ఇంటికి పోయినా, అక్కడ ఇద్దరి జీతమూ దాదాపు ఒకే శాతం పెరుగుతుంది. కాబట్టి ఎంతకు చేరుతున్నావన్నదే అసలు విషయం. నేను చేరేటప్పుడు ఈ మాట చెప్పేవాళ్లు ఎవరూ లేరు. అందుకే నీకు కాస్త వివరంగా రాస్తున్నాను.

నేనూ టెక్సాస్‌లోనే ఇలాంటి ఒక సంస్థలో సబ్‌స్టేషన్ పనుల్లో ఏళ్లుగా ఉన్నాను. ఇల్లు కొనుక్కున్నాం, ఇద్దరు పిల్లలను చదివించుకున్నాం, ఇండియాలో అమ్మానాన్నలకు లోటు రానివ్వలేదు. ఇదంతా సిటీ జీతం మీదే. కాబట్టి ఆ జీతంతో బతకలేమన్న మాట నేను ఒప్పుకోను. కానీ మొదట్లో ఈ లెక్క తెలిసి ఉంటే ఇంకా సులువుగా బతికేవాళ్లం.

ముందు నీకు జీతం నిర్ణయించేది ఎవరో తెలుసుకో. ఆస్టిన్ ఎనర్జీనే తీసుకో. 5 లక్షలకు పైగా కనెక్షన్లున్న పెద్ద సంస్థ, 1895 నుంచీ ఉంది. అయినా అది విడి కంపెనీ కాదు, ఆస్టిన్ సిటీలో ఒక డిపార్ట్‌మెంట్. అక్కడి ఇంజనీరుకూ లైబ్రరీలో గుమస్తాకూ ఏడాది ఇంక్రిమెంటు ఒకే బడ్జెట్లో వస్తుంది. సిటీ ఆర్థిక సంవత్సరం అక్టోబర్ 1న మొదలవుతుంది. మేనేజర్లు చలికాలం చివర్లోనో వసంతంలోనో లెక్కలు పంపిస్తారు, వేసవిలో సిటీ మేనేజర్ (నగర పాలనాధికారి) ప్రతిపాదన బయటికి వస్తుంది, ఆగస్టులో జనం ఎన్నుకున్న సిటీ కౌన్సిల్ ఓటేస్తుంది. 2022-23, 2023-24, 2024-25 బడ్జెట్లలో అక్కడి సాధారణ ఉద్యోగులకు ఇచ్చింది ఏటా 4 శాతం. సంస్థకు ఆ ఏడాది ఆదాయం బాగా వచ్చిందా, నువ్వు ఎంత గొప్ప డిజైన్ చేశావు అన్నవి ఆ శాతాన్ని మార్చవు. సంస్థ ఆదాయంలోంచి ఏటా సిటీ ఖజానాకు కొంత బదిలీ చేస్తారు. పార్కులకు, పోలీసులకు పోయే డబ్బులో అదీ ఒక భాగం. నీ బోనస్‌గా రాదు.

ఇంకో సంగతి గమనించు. కరెంటు రేటు పెంచాల్సిందీ ఆ కౌన్సిలే, నీ జీతం పెంచాల్సిందీ ఆ కౌన్సిలే. 2022 డిసెంబర్‌లో ఆస్టిన్‌లో బేస్ రేట్లు పెంచారు. బిల్లు పెరిగిన మనిషే వచ్చే ఎన్నికల్లో ఓటేస్తాడు. అలాంటప్పుడు ఉద్యోగుల జీతాలు భారీగా పెంచుదామని నోరు తెరిచే కౌన్సిల్ సభ్యుడు ఎవరుంటారు? ప్రైవేటు కంపెనీలో నీ బాసుకు ఉండే స్వేచ్ఛ ఇక్కడ ఎవరికీ లేదు.

మన దగ్గర విద్యుత్ సంస్థల ఉద్యోగులకు నాలుగేళ్లకోసారి పీఆర్సీ, మధ్యలో డీఏ, ఏటా ఇంక్రిమెంటు ఉంటాయి కదా. మా బాబాయి లైన్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యాడు, ఆ లెక్క నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. యూనియన్లు సమ్మె నోటీసు ఇస్తాయి, చర్చలు జరుగుతాయి, ఫిట్‌మెంట్ ఒక శాతం పెరుగుతుంది. టెక్సాస్‌లో అది కుదరదు. పోలీసులు, ఫైర్ వాళ్ల లాంటి కొందరు తప్ప మిగతా ప్రభుత్వ ఉద్యోగుల తరఫున యూనియన్లు జీతాల ఒప్పందం చేసుకోకూడదని రాష్ట్ర చట్టమే ఉంది, సమ్మె కూడా నిషేధం. యూనియన్‌లో సభ్యుడిగా ఉండొచ్చు, కౌన్సిల్ ముందుకెళ్లి మాట్లాడొచ్చు, అంతే.

అమెరికా అంతా ఇలాగే ఉండదు. లాస్ ఏంజెలెస్ నీటి, విద్యుత్ శాఖలో ఐబీఈడబ్ల్యూ లోకల్ 18 అనే యూనియన్ చాలా బలంగా ఉంటుంది, జీతాలు ఒప్పందంలోనే రాసుకుంటారు. అక్కడ కూడా జనం ఆగ్రహిస్తే 2013లో జరిగినట్టు మూడేళ్లు పెంపు లేకుండా సంతకం పెట్టాల్సి వస్తుంది. సియాటిల్ సిటీ లైట్‌లో గ్రేడుకు స్టెప్పులుంటాయి, ఏడాదికో మెట్టు ఎక్కుతావు, పై మెట్టు చేరాక ఒప్పందంలో ఉన్న పెంపు మాత్రమే. ఇక్కడ టెక్సాస్‌లోనే శాన్ ఆంటోనియోలో సీపీఎస్ ఎనర్జీ ఉంది. 1942లో సిటీ కొన్నది, కానీ దాన్ని నడిపేది ఐదుగురు ట్రస్టీల బోర్డు, మేయర్ అందులో ఒకరు. రేట్లకు కౌన్సిల్ ఆమోదం కావాలి గానీ జీతాల వ్యవహారం బోర్డు చేతిలో ఉంటుంది. నీ ఆఫర్ ఏ రకం సంస్థదో ముందు చూసుకో. అన్నిటినీ ఒకే గాటన కట్టకు.

ఇక నా సంగతి. హైదరాబాద్‌లో ఒక కాంట్రాక్టు సంస్థ తరఫున 132 కేవీ, 220 కేవీ సబ్‌స్టేషన్ల పనులు చూశాక ఇక్కడికి ఎమ్మెస్‌కు వచ్చాను. రిలేలు సెట్ చేయడం, ట్రాన్స్‌ఫార్మర్ ఛార్జ్ చేసేముందు పరీక్షలు, అర్ధరాత్రి బ్రేకర్ ట్రిప్ అయితే పరుగెత్తడం, అన్నీ చేశాను. సిటీ ఉద్యోగానికి దరఖాస్తు చేసేటప్పుడు ఆన్‌లైన్ ఫారంలో ఒక్కో ఉద్యోగానికీ ఒక్కో డబ్బా ఉంది: ఎప్పటి నుంచి ఎప్పటిదాకా, వారానికి ఎన్ని గంటలు, ఏం చేశావు, మేనేజర్ ఎవరు. నేను ఇక్కడి ఇంటర్న్‌షిప్ ఒక్కటీ పూర్తిగా నింపి, ఇండియా అనుభవం దగ్గర ‘రెజ్యూమే చూడండి’ అని రాసి వదిలేశాను. ఇక్కడ కరెంటు ఫ్రీక్వెన్సీ, లైన్ల వోల్టేజీలు వేరు (60 హెర్ట్జ్, 69, 138 కేవీ), మన అనుభవం వీళ్లకెందుకు పనికొస్తుందిలే అన్న చులకన భావం కూడా నాలో ఉంది. అది నా తప్పే.

సిటీ హెచ్.ఆర్. వాళ్లు రెజ్యూమే చూసి మురిసిపోయి జీతం వేయరు. ఫారంలో ఉన్న నెలలు కూడతారు. ఆ పోస్టుకు కనీస అర్హత ఎన్నేళ్లు, నీకు దానికి మించి ఎన్నేళ్లు ఉన్నాయి, అదే పోస్టులో ఇప్పటికే ఉన్నవాళ్లు ఎంత అనుభవానికి ఎంత తీసుకుంటున్నారు అని ఒక పట్టిక ముందు పెట్టుకుంటారు. పే గ్రేడ్‌కు కింది అంకె, మధ్య అంకె, పై అంకె ఉంటాయి. నా లెక్కలో ఇంటర్న్‌షిప్ తప్ప ఏమీ లేదు కాబట్టి కింది అంకెకు దగ్గరగా ఆఫర్ వచ్చింది. ప్రభుత్వ జీతంలో బేరాలుండవని అప్పటి రూమ్‌మేట్లు చెప్పారు. నేనూ నమ్మి ఆ సాయంత్రమే సరే అని రాసేశాను.

కొన్నాళ్లకు నాకంటే తక్కువ అనుభవమున్న ఒకతను అదే పోస్టులో చేరాడు. టెక్సాస్‌లో ప్రభుత్వ ఉద్యోగుల పేర్లు, జీతాలు ఎవరైనా చూడొచ్చు, టెక్సాస్ ట్రిబ్యూన్ పత్రిక వాటిలో చాలావాటిని ఒకచోట వెతుక్కునేలా పెట్టింది కూడా. అందులో చూస్తే అతని జీతం నాకంటే ఎక్కువ. ఎలా అని అడిగితే దాపరికం లేకుండా చెప్పాడు: ఫారంలో ప్రతి ఉద్యోగమూ పూర్తిగా రాశాడు, పాత కంపెనీల లెటర్లు జోడించాడు, ఆఫర్ వచ్చాక ఇంకోసారి మర్యాదగా అడిగాడు. నేను నా పాత లెటర్లు పట్టుకుని హెచ్.ఆర్. దగ్గరికి వెళ్లాను. ‘అవి ఆఫర్ ఇచ్చేటప్పుడు చూపించాల్సింది, ఇప్పుడు వాటి ఆధారంగా జీతం మార్చే వీలు లేదు’ అన్నారు. మర్యాదగానే అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఎందుకు పట్టలేదో నీకు లెక్క చూపిస్తాను. చేరేటప్పుడు తేడా 6 వేల డాలర్లు అనుకో. ఇద్దరికీ ఏటా 3 శాతమే పెరిగింది అనుకో. పదేళ్లలో మొత్తం తేడా 68 వేల డాలర్లు దాటుతుంది, ఇంకా అక్కడితో ఆగదు, పెన్షన్ కూడా అదే జీతం మీద కడతారు. శాతాల్లో పెంచడమంటే చిన్న జీతం చిన్నగానే ఉండిపోవడం. నేను ఇప్పటికీ ప్రతి అక్టోబర్‌లో కొత్త పే స్టబ్ రాగానే ఆ తేడా ఎంతైందో కాగితం మీద వేసుకుంటాను.

రెండో తప్పు మా మేనేజర్ దగ్గరికి మార్చి నెలలో వెళ్లి జీతం పెంచమని అడగడం. ఆయన మంచి మనిషి, నా పని మెచ్చుకున్నాడు, రివ్యూలో పై రేటింగ్ కూడా ఇచ్చాడు. కానీ ఆయన సంతకంతో ఒక్క డాలర్ కూడా పెరగదు. పెరిగే దారులు వేరే ఉన్నాయి. ఒకటి, మార్కెట్ స్టడీ: వేరే సిటీల కరెంటు సంస్థలు, దగ్గరి ప్రైవేటు కంపెనీలు ఆ పోస్టుకు ఎంత ఇస్తున్నాయో సర్వే చేసి గ్రేడ్‌నే పైకి జరుపుతారు. అది ఎప్పుడు జరుగుతుందో మన చేతిలో ఉండదు. రెండోది, నువ్వు చేస్తున్న పని నీ పోస్టు వివరణకు మించి ఉందని నిరూపిస్తే పోస్టును తిరిగి వర్గీకరిస్తారు. దానికి రాతపూర్వక ఆధారాలు కావాలి. మూడోది, పై పోస్టు ఖాళీ పడినప్పుడు బయటివాడిలా దరఖాస్తు చేసి ఇంటర్వ్యూ ఇవ్వడం. మన ఊళ్లో సీనియారిటీ లిస్టు చూసి ప్రమోషన్ ఇస్తారు కదా, ఇక్కడా అలాగే పిలిచి ఇస్తారని నేను కొన్నేళ్లు కూర్చున్నాను. ఎవరూ పిలవలేదు. దరఖాస్తు చేసిన రోజే దారి తెరుచుకుంది. పీఈ (ప్రొఫెషనల్ ఇంజనీర్) లైసెన్స్ తెచ్చుకున్నాక ఇంకా పెద్ద గ్రేడ్‌కు వెళ్లాను. ఆ పరీక్ష నియమాలు రాష్ట్ర ఇంజనీర్ల బోర్డు వెబ్‌సైట్‌లో ఉంటాయి, చూసుకో. వచ్చిన మొదటి ఏడాదే ఎఫ్ఈ (పీఈకి ముందు రాసే మొదటి పరీక్ష) రాసెయ్, పెళ్లయ్యాక, పిల్లలు పుట్టాక చదవడం ఎంత కష్టమో నాకు తెలుసు.

ఒక విషయం చూసి నువ్వు బాధపడొద్దు. మీ లైన్‌మ్యాన్‌లలో కొందరి ఏడాది జీతం నీకంటే ఎక్కువ కనిపిస్తుంది. వాళ్లకు 40 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు ఓవర్‌టైమ్ ఉంటుంది, ఇంజనీర్లకు సాధారణంగా ఉండదు. 2023 ఫిబ్రవరి మొదట్లో ఆస్టిన్‌లో మంచు కట్టి చెట్ల కొమ్మలు తీగల మీద విరిగిపడ్డప్పుడు, 2021 ఫిబ్రవరి చలి తుఫానప్పుడు వాళ్లు చేసిన పని చూసినవాడెవడూ ఆ డబ్బును తప్పుపట్టడు.

ఇప్పుడు నీ మొదటి ప్రశ్న, చేరాలా వద్దా. జీతం ఒక్కటే పెట్టి ప్రైవేటుతో పోల్చకు, మీ వయసు పిల్లలు చేసే పొరపాటు అదే. యాప్‌లో జీతాలు చూస్తారు, పెన్షన్ అన్న మాటే చూడరు. ఆస్టిన్ సిటీ పెన్షన్‌లో 2012 నుంచి చేరినవాళ్లకు సర్వీసు ఏడాదికి సగటు ఆఖరి జీతంలో 2.5 శాతం లెక్క. ఇరవై ఏళ్లు చేసి సగటు లక్ష డాలర్లుంటే ఏడాదికి 50 వేలు, బతికున్నంతకాలం. దానికి నీ జీతంలోంచి కోత ఉంటుంది, ఈమధ్యే చట్టం మార్చి ఆ కోత 8 నుంచి 10 శాతానికి పెంచారు కాబట్టి చేతికొచ్చే జీతం లెక్కేసేటప్పుడు అది మర్చిపోకు. ఐదేళ్లు నిండితేనే ఆ హక్కు నీదవుతుంది. నాలుగున్నరేళ్లకు వేరే ఆఫర్ వచ్చిందని వెళ్లిపోతే నీ డబ్బు వడ్డీతో ఇస్తారు, సిటీ కట్టినది పోతుంది. నాకు తెలిసిన ఒక అమ్మాయి సరిగ్గా అలాగే వెళ్లిపోయింది, ఆర్నెల్లు ఆగి ఉంటే ఎంత బాగుండేదో. 457 ఖాతా (రిటైర్‌మెంట్ కోసం జీతంలోంచి దాచుకునేది) కూడా తెరువు, ఉద్యోగం మానేశాక 60 ఏళ్లు రాకముందే తీసుకున్నా దానికి 10 శాతం జరిమానా ఉండదు.

వీసా సంగతి లాయర్‌ని అడుగు. ఒక్కటే చెబుతాను: సిటీ ప్రభుత్వం అనగానే హెచ్-1బీ లాటరీ నుంచి మినహాయింపు రాదు, చాలా సిటీలు స్పాన్సర్ చేయవు కూడా. ఆఫర్ లెటర్‌లో ఆ మాట ఉందో లేదో చూడు.

నువ్వు ఇంకా సంతకం పెట్టలేదన్నావు, అది మంచిది. ఈరోజే ఇండియాలో పనిచేసిన కంపెనీకి మెయిల్ పెట్టు. తేదీలు, పూర్తికాలమా కాదా, ఏ వోల్టేజ్ మీద ఏం చేశావు అన్నవి ఉన్న అనుభవ పత్రం లెటర్‌హెడ్ మీద అడుగు. అది వచ్చాక హెచ్.ఆర్.కు రాయి: ఫారంలో ఈ అనుభవం పూర్తిగా చూపలేదు, దీన్ని కూడా లెక్కలోకి తీసుకుని ఆఫర్ పరిశీలించమని. కోపం వద్దు, బతిమాలడం వద్దు. ఆ పోస్టు పే రేంజ్ ప్రకటనలోనే ఉంటుంది, నువ్వడిగే అంకె దాని మధ్య అంకె చుట్టుపక్కల ఉండేలా చూసుకో. గడువు చాలకపోతే ఇంకో వారం అడుగు, ఇస్తారు. ఆ మెయిల్ పంపేముందు నాకు ఒకసారి చూపించు, నేను సరిచేసి పంపిస్తాను.