ఐఈఎల్‌టీఎస్: లిజనింగ్, రీడింగ్ బ్యాండ్లు ఎందుకు కదలడం లేదు?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసి, రెండేళ్లుగా ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేస్తోంది. యూకేలో నర్సుగా స్థిరపడాలని తన కోరిక. అందుకు కావలసిన ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్ రెండుసార్లు రాసింది. స్పీకింగ్‌లో 7, రైటింగ్‌లో 6.5 బ్యాండ్లు (9కి) వచ్చాయి కానీ లిజనింగ్ 6 దగ్గర, రీడింగ్ 5.5 దగ్గర ఆగిపోయాయి. రోజుకు 50 పదాలు బట్టీ పడుతోంది. సెలవు రోజున రెండేసి మాక్ టెస్టులు రాస్తోంది. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివించడమే మా పొరపాటా? కోచింగ్ సెంటర్ మార్చమంటారా? ఇంకో పదాల పుస్తకం కొనమంటారా?
– ఒక తండ్రి, ఖమ్మం జిల్లా

జవాబు: ముందుగా మీ అమ్మాయి ఎంత దూరంలో ఉందో చూద్దాం. బ్రిటన్‌లో నర్సులను నమోదు చేసే నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ అకడమిక్ ఐఈఎల్‌టీఎస్‌లో రీడింగ్, లిజనింగ్, స్పీకింగ్‌లలో 7 చొప్పున, రైటింగ్‌లో 6.5 అడుగుతుంది. చాలామందిని ఏళ్ల తరబడి వేధించే రైటింగ్‌ను ఆమె ఇప్పటికే దాటింది. లిజనింగ్‌లోనూ రీడింగ్‌లోనూ 40 ప్రశ్నల చొప్పున ఉంటాయి. వాటిలో సుమారు 23 సరైనవైతే 6, సుమారు 30 సరైనవైతే 7 బ్యాండ్ వస్తుంది. కాబట్టి లిజనింగ్‌లో ఏడు, రీడింగ్‌లో దాదాపు పది సరైన జవాబులు అదనంగా రావాలి. ఇది అందని దూరం కాదు, అయితే ఇప్పుడు చేస్తున్న పద్ధతిలో మాత్రం అందదు.

మాక్ టెస్టు థర్మామీటరు వంటిదని మీ అమ్మాయికి నేను చెప్పనక్కర్లేదు. పూటకోసారి జ్వరం చూసినంత మాత్రాన జ్వరం తగ్గదని ఆమెకు బాగా తెలుసు. మాక్ టెస్టు రాసి, మార్కులు లెక్కపెట్టుకుని, నిట్టూర్చి, మరో టెస్టు తెరవడం వల్ల చెవికి గానీ కంటికి గానీ కొత్తగా ఏ అలవాటూ పడదు. రెండు నెలల పాటు వారానికి ఒక్క టెస్టు చాలు. మిగిలిన సమయమంతా ప్రతి తప్పు ఎందుకు జరిగిందో తేల్చుకోవడానికి వెచ్చించాలి.

లిజనింగ్‌లో ఆడియో అరగంటపాటు, ఒక్కసారి మాత్రమే వినిపిస్తుంది. అక్కడ మనవాళ్లు పోగొట్టుకునే మార్కుల్లో ఎక్కువ భాగం తెలియని పదాల వల్ల కాదు, తెలిసిన పదాన్ని చెవి గుర్తుపట్టకపోవడం వల్లే పోతుందని నా అనుభవం. తెలుగు అజంత భాష. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. ఇంగ్లీషు మాటలు ఎక్కువగా హల్లుతో ముగిసి, ఆ హల్లు పక్క మాటలోని అచ్చును పట్టుకుంటుంది. ‘పిక్ ఇట్ అప్’ అని మూడు మాటలుగా పుస్తకంలో చూసిన పిల్లకు ‘పికిటప్’ అని ఒకే మాటగా వినిపిస్తే అదేదో కొత్త పదమనిపిస్తుంది. నిజానికి సంధి మనకు కొత్త కాదు. ‘వాడు ఎక్కడ’ అనేదాన్ని ‘వాడెక్కడ’ అని పలుకుతాం, అలాగే రాస్తాం కూడా. ఇంగ్లీషువారు విడిగా రాసి కలిపి పలుకుతారు. దీనికి తోడు పదంలో ఊనిక, అంటే నొక్కి పలకడం, ఎక్కడ పడుతుందో మనం పట్టించుకోము. థర్టీన్‌లో ఊనిక చివరి భాగం మీద, థర్టీలో మొదటి భాగం మీద పడుతుంది. ఆ ఒక్క తేడా చెవికి అందకపోతే గది నంబరో, అద్దె మొత్తమో తప్పు రాస్తారు.

దీనికి మందు డిక్టేషన్, అంటే విన్నది విన్నట్టు రాయడం. బీబీసీ లెర్నింగ్ ఇంగ్లీష్ వారి ‘సిక్స్ మినిట్ ఇంగ్లీష్’ వంటి కార్యక్రమాల ఆడియోతో పాటు అందులోని మాటలన్నీ రాతలో కూడా దొరుకుతాయి. రోజుకు రెండు నిమిషాల ఆడియో తీసుకుని, ఒకసారి ఊరికే విని, రెండోసారి వాక్యం వాక్యం ఆపుతూ రాసి, ఆ తరువాత ఎర్ర పెన్నుతో అసలు పాఠంతో సరిచూసుకోవాలి. ప్రతి తప్పు పక్కన కారణం రాయాలి: పదం తెలియదా, తెలిసినా వినబడలేదా, స్పెల్లింగ్ తప్పా, బహువచనంలోని చివరి ‘స్’ జారిపోయిందా, లేక మనసు పక్కకు పోయిందా. చివరగా ఆడియోతో పాటు తానూ పైకి చదవాలి. పరీక్షలో స్పెల్లింగ్ తప్పినా, రెండు పదాలకు మించకూడదన్నచోట మూడు రాసినా ఆ జవాబుకు మార్కు రాదు గనుక ఈ ఎర్ర గీతలను తేలిగ్గా తీసుకోవద్దు. సబ్‌టైటిళ్లతో ఇంగ్లీషు సినిమాలు చూడమని చాలామంది సలహా ఇస్తుంటారు. అక్కడ పని చేసేది కన్నే గానీ చెవి కాదు కాబట్టి నేను ఆ సలహా ఇవ్వను.

ఇక రీడింగ్. గంట సమయంలో మూడు పాఠాలు, మొత్తం 2,150 నుంచి 2,750 పదాలు. ఒకసారి మీ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, చదివేటప్పుడు ప్రతి వాక్యాన్నీ మనసులో తెలుగులోకి మారుస్తోందేమో అడగండి. మారుస్తూ ఉంటే సమయం అక్కడే పోతోంది. ‘నిన్న వార్డులో చేరిన రోగి’ అని మనం అంటాం. ఇంగ్లీషులో రోగి ముందు వస్తాడు, నిన్న వార్డులో చేరిన సంగతి వెనుక వస్తుంది. మన క్రియ వాక్యం చివర ఉంటుంది, వారిది కర్త వెంటనే వస్తుంది. అందువల్ల తెలుగులోకి మార్చుకునేవారు పొడుగాటి వాక్యం చివరి దాకా వెళ్లి మళ్లీ వెనక్కి రావాలి, అంటే ప్రతి వాక్యాన్నీ రెండుసార్లు చదువుతున్నట్టే. రోజూ ఒక పేరా తీసుకుని, అర్థవంతమైన చిన్న చిన్న ముక్కలుగా పెన్సిల్‌తో గీతలు గీసి, వెనక్కి చూడకుండా ఆ వరుసలోనే అర్థం చేసుకోవడం సాధన చేయాలి. పేరా పూర్తయ్యాక, రచయిత అక్కడ చెప్పదలచుకున్నదేమిటో ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. ఈ రెండో పనిని తెలుగు దినపత్రిక సంపాదకీయంతో కూడా చేయవచ్చు. వాదనను పట్టుకునే నేర్పు ఏ భాషలో అలవడినా ఇంకో భాషలో ఉపయోగపడుతుంది. తెలుగు మీడియంలో చదివించినందుకు మీరు బాధపడనవసరం లేదు.

‘ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్’ ప్రశ్నల గురించి విడిగా చెప్పాలి. పాఠంలో ‘కృష్ణా, గోదావరి డెల్టాల మధ్యనున్న కొల్లేరును 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేర్చారు’ అని ఉందనుకుందాం. ‘కొల్లేరు 1990లలో ఆ జాబితాకెక్కింది’ అనే ప్రకటన ఫాల్స్, ఎందుకంటే పాఠం దాన్ని కాదంటోంది. ‘కొల్లేరు మంచినీటి సరస్సు’ అంటే? మన పిల్లలు వెంటనే ట్రూ అని రాస్తారు, ఎందుకంటే అది చిన్నప్పుడు చదువుకున్న నిజం. కానీ పాఠం నీటి సంగతే ఎత్తలేదు గనుక జవాబు నాట్ గివెన్. పాఠంలో ఏ వాక్యం ఆధారమో వేలు పెట్టి చూపించలేనంతవరకు ట్రూ అని గానీ ఫాల్స్ అని గానీ రాయకూడదని నియమం పెట్టుకోమనండి.

రోజుకు 50 పదాలు బట్టీ పట్టడం వెంటనే ఆపించండి, కొత్త పుస్తకం కొనవద్దు. న్యూజిలాండ్‌లోని విక్టోరియా యూనివర్సిటీ ఆఫ్ వెల్లింగ్టన్‌కు చెందిన ఆవరిల్ కాక్స్‌హెడ్ 2000 సంవత్సరంలో ప్రచురించిన అకడమిక్ వర్డ్ లిస్ట్‌లో, అంటే చదువుల పుస్తకాల్లో తరచుగా కనిపించే పదాల జాబితాలో, 570 పద కుటుంబాలున్నాయి (ఒక పదం, దాని నుంచి పుట్టిన రూపాలు కలిపి ఒక కుటుంబం). రోజుకు పది చొప్పున రెండు నెలల్లో అవి పూర్తవుతాయి. పదం పక్కన తెలుగు అర్థం ఒక్కటే రాస్తే లాభం లేదు. అది వచ్చిన పూర్తి వాక్యం, ఊనిక పడే చోటు, దాని కుటుంబంలోని మిగతా రూపాలు రాసి, మూడో రోజున, ఏడో రోజున మళ్లీ చూసుకోవాలి. ఆమె వృత్తిలో రోజూ వాడే మాటలతో మొదలుపెడితే ఇంకా మంచిది. ‘అక్యూట్’ అంటే ఆమెకు హఠాత్తుగా వచ్చిన జబ్బు. పరీక్షలో అదే పదం నీటి కొరత పక్కన కనిపిస్తుంది. ‘డిశ్చార్జ్’ రోగికే కాదు, నదీ ప్రవాహానికీ వాడతారు. ‘అడ్మినిస్టర్’ మందు ఇవ్వడమే కాదు, ఒక ప్రాంతాన్ని పాలించడం కూడా.

కోచింగ్ సెంటర్ విషయానికొస్తే, తప్పు జవాబు పక్కన కూర్చుని కారణం చెప్పే అధ్యాపకుడు ఉంటే అక్కడే కొనసాగించండి; టెస్టు పెట్టి మార్కులు చెప్పి పంపేస్తుంటే ఆ రుసుము దండగ. ఆరోగ్య వృత్తులవారి కోసమే ఉన్న ఓఈటీ అనే ఇంగ్లీషు పరీక్షను కూడా బ్రిటన్ నర్సింగ్ కౌన్సిల్ అంగీకరిస్తుంది, అందులో రీడింగ్, లిజనింగ్, స్పీకింగ్‌లలో బి గ్రేడు, రైటింగ్‌లో సి ప్లస్ కావాలి. అయితే చెవికి పట్టు చిక్కనంత కాలం పరీక్ష మార్చినా ఇబ్బంది వెంటే వస్తుంది గనుక ఆ ఆలోచన రెండు నెలల తరువాత చేయండి. తాను ఇంతకుముందు చూడని మూడు పేపర్లలో, గడియారం పెట్టుకుని రాసినప్పుడు, రెండు విభాగాల్లోనూ 32కు తగ్గకుండా వచ్చిన తరువాతే పరీక్షకు రుసుము కట్టండి. అందుకోసం మూడు కొత్త పేపర్లు ఇప్పుడే పక్కన పెట్టి, వాటిని మీ దగ్గరే ఉంచుకోండి.