శనివారం శనివారం కారెక్కిస్తే సరిపోతుందా?

ఉత్తరం: మాది గుంటూరు జిల్లా. నేను 2006లో అమెరికా వెళ్లాను, 2008లో పెళ్లయింది. డాలస్ దగ్గర ఫ్రిస్కోలో స్థిరపడ్డాం. 2023లో నాకూ మా ఆవిడకూ అమెరికా పౌరసత్వం వచ్చింది. నిరుడు జులైలో కంపెనీ నన్ను మెల్‌బోర్న్ పంపింది. పాయింట్ కుక్‌లో అద్దెకు ఉంటున్నాం. అమ్మాయికి పదిహేనేళ్లు, అబ్బాయికి పదేళ్లు. ఎవరికీ ఏ లోటూ చేయలేదు. ప్రతి శనివారం ఎక్కడికో ఒకచోటికి తీసుకెళుతున్నాను. అయినా మా ఆవిడ ముభావంగానే ఉంటుంది. అమ్మాయి కారులో ఫోను నుంచి తల ఎత్తదు. ఇక్కడి వీసాలో భార్యకు కూడా ఉద్యోగం చేసే హక్కు ఉంది, కానీ ఆమె ప్రయత్నించడం లేదు. సిడ్నీలో ఉన్న మా అక్కతో చెప్పించాను, లాభం లేదు. ఇప్పుడు కంపెనీ మాకు పీఆర్ (ఇక్కడ శాశ్వతంగా ఉండే హక్కు) ఇప్పిస్తానంటోంది. తీసుకోవాలా? అమెరికాకు తిరిగి వెళ్లాలా? పిల్లల భవిష్యత్తుకు ఏది మంచిది? సెప్టెంబరు సెలవులకు కెయిర్న్స్‌కు టికెట్లు కొని, ఇంట్లో చెప్పకుండా ఉంచాను. అదైనా ఆమెకు సంతోషం కలిగిస్తుందంటారా? (పేరు వద్దన్నారు)

జవాబు: మీరు అడిగినదానికి ముందు జవాబు చెప్పేస్తాను, ఆ పని అయిపోతుంది. పీఆర్ సంగతి రిజిస్టర్డ్ మైగ్రేషన్ ఏజెంటును అడగండి. మీలా సంపాదించే అమెరికా పౌరులు ఏ దేశంలో ఉన్నా ఏటా అమెరికాలో పన్ను రిటర్ను వేయక తప్పదు. జీతంతోపాటు మీకు జమయ్యే సూపర్‌యాన్యుయేషన్‌ను (రిటైర్మెంటు నిధిని) అక్కడివాళ్లు ఏ లెక్కలో వేస్తారో, రెండు దేశాల పద్ధతులూ తెలిసిన అకౌంటెంటును అడగండి. పిల్లల భవిష్యత్తు అంటారా, డాలస్‌లో బాగుపడ్డవాళ్లూ ఉన్నారు, మెల్‌బోర్న్‌లో బాగుపడ్డవాళ్లూ ఉన్నారు. ఇల్లు సరిగ్గా లేకపోతే రెండు చోట్లా చెడ్డవాళ్లూ ఉన్నారు.

మీ పూర్తి ఉత్తరం నాలుగు పేజీలుంది. గ్రేట్ ఓషన్ రోడ్డు గురించి అర పేజీ రాశారు. 243 కిలోమీటర్ల రోడ్డు, మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగి వచ్చిన సైనికులు 1919 నుంచి 1932 దాకా పలుగూ పారా పట్టి వేశారు, సముద్రంలో నిలబడ్డ శిలలకు ట్వెల్వ్ అపోసల్స్ (పన్నెండుమంది శిష్యులు) అని పేరే గానీ 2005లో ఒక శిల కూలిపోయాక అక్కడ మిగిలినవి ఏడెనిమిదే, ఇదంతా కారులో పిల్లలకు వివరించారు. చాలా సంతోషం. మూడో పేజీ చివర మాత్రం ఒకే ఒక్క వాక్యం ఉంది: ‘అక్కడ తను స్కూల్లో లెక్కల టీచరు, ఇంకో ఏడాది చేసి ఉంటే పెన్షన్‌కు అర్హత వచ్చేది, కానీ నా ఆఫర్ అంతవరకూ ఆగదు కదా.’ ఆ వెంటనే పఫింగ్ బిల్లీ అనే పాతకాలపు ఆవిరి రైల్లో కిటికీ అంచున కూర్చుని కాళ్లు బయటికి వేలాడేయవచ్చన్న సంగతికి వెళ్లిపోయారు.

నేను అక్కడే ఆగిపోయాను. మీరు రాసిన తేదీలను వరుసగా పెట్టుకుని చూశాను. 2008లో ఆమె ఎం.ఎస్సీ. పట్టాతో మీ వెంట వచ్చింది. భార్యగా వచ్చిన హెచ్4 వీసా, దాని మీద ఉద్యోగం చేయకూడదు. గ్రీన్‌కార్డు వరుసలో ఉన్నవారి భార్యలకు పని చేసుకునే అనుమతి ఇచ్చింది 2015 మే నెలలో. అంటే ఏడేళ్లు ఇంట్లో ఉంది. అనుమతి వచ్చే ఏడాదికి ఒడిలో చంటిపిల్లవాడు. వాడిని పెంచుతూ, రాత్రుళ్లు చదివి, సర్టిఫికేషన్ పరీక్షలు రాసి, ముందు ఎవరైనా సెలవు పెట్టినప్పుడు వెళ్లే టీచరుగా చేసి, 2020లో సొంత తరగతి గది సంపాదించుకుంది. టెక్సస్‌లో ఉపాధ్యాయుల పెన్షన్‌కు ఐదేళ్ల సర్వీసు కావాలి. నాలుగేళ్లు పూర్తయ్యాయి. అప్పుడు మీరు మెల్‌బోర్న్ ఆఫర్ తెచ్చారు.

ఆఫర్ రాకముందు ఆమెను అడిగారా, వచ్చాక చెప్పారా? ఉత్తరంలో ఎక్కడా లేదు. ‘ఇంట్లో అందరం ఒప్పుకునే వచ్చాం’ అని మాత్రం ఉంది. కాంట్రాక్టు మీద సంతకం పెట్టి, మూవర్స్‌ను మాట్లాడి, ఇంటిని అద్దెకు ఇచ్చేసిన తర్వాత ఏ భార్య అయినా ఒప్పుకుంటుంది. మన ఇళ్లలో దాన్నే సర్దుకుపోవడం అంటారు. మెచ్చుకుంటారు కూడా.

మీ అమ్మగారి ప్రస్తావన ఎందుకు తెచ్చారో నాకు తెలుసు. నాన్నగారికి ఎక్కడికి బదిలీ అయితే అక్కడికి మారు మాట్లాడకుండా వెళ్లారని రాశారు. ఆవిడ గొప్ప ఇల్లాలే, కాదనను. కానీ నాన్నగారిని బదిలీ చేసింది బ్యాంకు. మీ బదిలీ మీరు అడిగి తెచ్చుకున్నారు. పైగా అమ్మగారు ఏ ఊరు వెళ్లినా ఆవిడ చేతిలోంచి పోయింది ఇరుగుపొరుగే. మీ ఆవిడ చేతిలోంచి పోయింది ఆమె రెక్కల కష్టం.

ఇక మీ శనివారాలు. ట్వెల్వ్ అపోసల్స్ దగ్గర ఆమె కారు దిగలేదని ఫిర్యాదు చేశారు. పొద్దున ఐదింటికి బయలుదేరి రాత్రి పదికి ఇల్లు చేరామన్నారు. ఐదింటికి బయలుదేరాలంటే పులిహోర కలిపింది ఎన్ని గంటలకు? డబ్బాలు సర్దింది ఎవరు? ఆ మలుపుల్లో అబ్బాయి రెండుసార్లు వాంతి చేసుకున్నాడని మీరే రాశారు. సీటు తుడిచింది ఎవరు? రాత్రి వచ్చాక డబ్బాలు కడిగింది ఎవరు? మీకు విహారం, ఆమెకు వంట చోటు మారిన రోజు. ఫోటోలు మాత్రం అర్ధరాత్రి దాటకుండా రెండు వైపుల కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లోకీ చేరిపోతాయి. ‘మరదలు ఎందుకు నవ్వడం లేదు’ అని అడిగింది మీ అక్కయ్యగారు. ఆ ప్రశ్న మీకు అప్పటిదాకా తట్టలేదు.

వారం మధ్యలో ఆమె ఏం చేస్తుందో నాకు మీ ఉత్తరంలోంచే తెలిసింది, మీరు చెప్పాలనుకోకపోయినా. మీ ఇంట్లో ఒక్కటే కారు. దాన్ని పొద్దున విలియమ్స్ ల్యాండింగ్ స్టేషనులో పెట్టి సిటీకి రైలెక్కుతారు. సాయంత్రం ఆరు దాకా ఆ కారు పార్కింగులో ఉంటుంది, మీ ఆవిడ ఇంట్లో ఉంటుంది. ఫ్రిస్కోలో ఆమెకు సొంత కారుండేది. పిల్లలను దింపి, స్కూలుకు వెళ్లి, సాయంత్రం సరుకులు తెచ్చుకుని, మంగళవారాలు హనుమంతుడి గుడికి వెళ్లి వచ్చేది. రాత్రి పదింటికి ఏదైనా అయిపోతే వెళ్లి కొనుక్కొచ్చేది. మెల్‌బోర్న్‌లో మామూలు రోజుల్లో షాపింగ్ సెంటర్లు సాయంత్రం ఐదున్నరకల్లా చాలావరకు మూసేస్తారు. మీరు కారు తెచ్చేసరికి వెళ్లడానికి సూపర్ మార్కెట్ తప్ప చోటు లేదు. వారమంతా కాళ్లు కట్టేసి, శనివారం నాడు షికారు తిప్పుతున్నారు. దాన్ని ఆమె విహారం అనుకోకపోతే మీరు నొచ్చుకుంటున్నారు.

థాంక్స్‌గివింగ్ నాడు ఆమె ఏడ్చిందనీ, ‘ఆ పండగ మనదేమిటి, మనం తెలుగువాళ్లం’ అన్నాననీ రాశారు. నవంబరు మొదటి మంగళవారం గుర్రప్పందేలకు సెలవిచ్చే ఊరు అది, థాంక్స్‌గివింగ్ గురువారం అక్కడ మామూలు పని దినమే. అయినా ఆమె పదహారేళ్లు బతికిన దేశం పండగ అది. తోటి టీచర్లతో, పక్కింటివాళ్లతో కలిసి కూర్చుని తిన్న రోజు. పాస్‌పోర్టు కోసం మీరు అమెరికన్ కావచ్చు గానీ, పండగ కోసం ఆమె కాకూడదా? మెల్‌బోర్న్‌లో తెలుగువాళ్లకు కొదవ లేదు, క్యారమ్ డౌన్స్ శివవిష్ణు ఆలయానికి వెళితే అంతా మనవాళ్లే అన్నారు. నిజమే. అక్కడ పరిచయం అడిగినవాళ్లందరికీ ఆమె ఏమని చెబుతోంది? ‘మా వారు ఫలానా కంపెనీలో’ అని. 2008లో చెప్పిన మాటే.

‘ప్రయత్నించడం లేదు’ అన్న మాట మీరు వెనక్కి తీసుకోవాలి. వీసా అనుమతిస్తే సరిపోదు. మీరున్న విక్టోరియా రాష్ట్రంలో ఏ బడిలో పాఠం చెప్పాలన్నా విక్టోరియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టీచింగ్‌లో నమోదు కావాలి. వాళ్లు డిగ్రీతోపాటు ఉపాధ్యాయ శిక్షణ ఎక్కడ, ఎంతకాలం చేశారో, పర్యవేక్షణలో ఎన్నాళ్లు పాఠాలు చెప్పారో చూస్తారు. టెక్సస్‌లో ఆల్టర్నేటివ్ సర్టిఫికేషన్ దారిలో, అంటే బి.ఇడి. లాంటి పూర్తి కోర్సు లేకుండా టీచరైన మనిషికి అది సులువు కాకపోవచ్చు. మళ్లీ ఒక కోర్సు చేయవలసి రావచ్చు. ఈ నలభై ఏళ్ల వయసులో, మూడోసారి, మొదటి నుంచి. ‘ఇక్కడ టీచర్ల కొరత ఉంది, ఇట్టే దొరుకుతుంది’ అని మీ అక్కయ్యగారితో అనిపించారు. మీలో ఎవరైనా ఆ నిబంధనలు ఒక్కసారైనా చదివారా? ఆమె చదివే ఉంటుంది. అందుకే మాట్లాడటం లేదు.

అక్కయ్యగారి రాయబారం వెంటనే ఆపించండి. మొగుడు అడగలేనిది ఆడపడుచు అడిగితే ఏ ఇంటి కోడలూ మనసు విప్పదు, ‘బాగానే ఉన్నాను వదినా’ అంటుంది. ఆమె మీ దగ్గర లేని చనువు మీ అక్కయ్యగారి దగ్గర చూపుతుందని ఎలా అనుకున్నారు?

అమ్మాయి గురించి ఎక్కువ చెప్పను, ఆ పిల్లకు జబ్బేమీ లేదు. మార్చింగ్ బ్యాండ్‌కు ఎంపికై, ఆగస్టులో హైస్కూలులో అడుగు పెట్టవలసిన పిల్లను జులైలో తీసుకొచ్చారు. మెల్‌బోర్న్‌లో బళ్లు జనవరి చివర మొదలై డిసెంబరులో ముగుస్తాయి, కాబట్టి ఆరు నెలలుగా కలిసి చదువుకుంటున్న పిల్లల మధ్య, మూడో టర్మ్‌లో వచ్చి కూర్చుంది. కారులో ఆమె ఫోనులో ఏం చూస్తోందో ఎప్పుడైనా తొంగి చూశారా? మీకు శనివారం ఉదయం పదైతే డాలస్‌లో శుక్రవారం సాయంత్రం ఏడు. టెక్సస్‌లో ఆగస్టు చివర నుంచి శుక్రవారం సాయంత్రమంటే హైస్కూలు ఫుట్‌బాల్, దానితోపాటు బ్యాండ్. తన స్నేహితురాళ్లు మైదానంలోకి దిగే గంటకే మీరు సీటు బెల్టు పెట్టించి కొండలు చూడమంటున్నారు. తల్లి మౌనంగా ఉండటం చూసి అదీ మౌనంగా ఉంటోంది. తల్లి సంగతి తేలితే సగం అక్కడే తేలుతుంది.

మీరు చెడ్డవారని నేను అనడం లేదు. డబ్బు దాచుకుని పేకాట ఆడేవారో, భార్య మీద చేయి చేసుకునేవారో అయితే నా జవాబు మరోలా ఉండేది. మీకు ఆమె మీద ప్రేమ ఉంది. కానీ చేసిన నిర్ణయం గురించి నోరు విప్పడానికి భయం కూడా ఉంది. ఆ భయానికే ప్రతి శనివారం పెట్రోలు పోస్తున్నారు. కారు నడుస్తున్నంతసేపూ ఎవరూ ఎవరి ముఖం చూడనక్కరలేదు కదా.

ఒక్కచోట మాత్రం మీకు తెలియకుండానే మంచి సంగతి రాశారు. ఫిలిప్ ఐలాండ్‌లో పొద్దు వాలాక సముద్రంలోంచి వచ్చే చిన్న పెంగ్విన్లను చూడటానికి వెళ్లారు. అక్కడ ఫోటోలు తీయనివ్వరు. ‘ఫోను జేబులో పెట్టుకుని చీకట్లో చలికి కూర్చోవడం దండగ అనిపించింది. విచిత్రంగా ఆ రాత్రి తిరిగొచ్చేటప్పుడు మా ఆవిడ దారిపొడుగునా మాట్లాడింది’ అన్నారు. ఏం మాట్లాడిందో రాయలేదు. గంటన్నర పైన దారి అది. మీకు గుర్తుంటే కాగితం మీద రాసుకోండి, నాకు పంపనక్కరలేదు. గుర్తు లేకపోతే ఆమెను అడగండి, ‘ఆ రోజు నేను సరిగ్గా వినలేదు’ అని చెప్పి మరీ అడగండి.

తర్వాత చేయవలసినవి ఉన్నాయి. సోమవారం నుంచి కారు ఇంట్లో ఉంచి స్టేషనుకు బస్సులో వెళ్లండి. కష్టమైతే రెండో కారు కొనండి. కెయిర్న్స్‌కు పెట్టిన డబ్బుతో మంచి పాత కారుకు సగం వచ్చేది. ఇకమీదట శనివారాలు ఎక్కడికన్నది ఆమె ఇష్టం, ఎక్కడికీ వద్దన్నా ఆమె ఇష్టమే. వెళ్లే రోజు టిఫిను బయట కొనండి. అమ్మాయికి శనివారం మధ్యాహ్నం దాకా ఇల్లు వదలకుండా ఉండే స్వేచ్ఛ ఇవ్వండి.

పీఆర్ కాగితాల మీద సంతకం పెట్టేముందు ఆమెతో కూర్చుని మాట్లాడాలి. ‘నీ ఇష్టం’ అని తప్పుకోవడం కాదు. ఉంటే ఆమె కోర్సుకు ఎంత ఖర్చు, ఎన్నేళ్లు, ఆ కాలంలో పిల్లలను ఎవరు చూసుకుంటారు? వెళితే మీ ఉద్యోగం ఏమవుతుంది, టెక్సస్‌లో ఆమె నాలుగేళ్ల సర్వీసు ఎంతకాలం చెల్లుతుంది? అది ఆమె అక్కడి పెన్షన్ సంస్థకే రాసి కనుక్కోవాలి. రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టండి. ఆమె వెళదామంటే వెళ్లండి. మీ జీతం తగ్గుతుంది, తగ్గనివ్వండి. ఆమెకు రెండుసార్లు అసలు జీతమే లేకుండా పోయింది. ఇది నా పక్షపాతం అనుకున్నా అభ్యంతరం లేదు.

కెయిర్న్స్ టికెట్ల సంగతి ఈ రాత్రే చెప్పండి. వద్దంటే రద్దు చేయండి, ఎంత డబ్బు పోయిందో ఆమె ముందు లెక్క తీయకండి.