బ్రాంచి తేలేదాకా ల్యాప్‌టాప్ కొనకు

చిరంజీవి శ్రావ్యకు, బాబాయి ఆశీస్సులు.

ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ మొదటి విడతలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) వచ్చిందని, సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) కోసం రెండో విడతలో కూడా ఆప్షన్లు పెడుతున్నావని అన్నయ్య చెప్పాడు. ల్యాప్‌టాప్‌కి 60,000 పక్కన పెట్టారట, ఈ ఆదివారమే షాపుకి వెళ్దామనుకుంటున్నారట. ఈ ఆదివారం వద్దమ్మా. రెండో విడత, చివరి విడత, ఆ తర్వాత అదే కాలేజీలో బ్రాంచి మార్చుకునే ఇంటర్నల్ స్లైడింగ్ ఇంకా మిగిలే ఉన్నాయి. ఏ బ్రాంచో తేలితే తప్ప ఏ మెషిన్ కావాలో తేలదు.

ఎందుకో చెప్తాను. ఈసీఈలో కెయిల్, వివాడో లాంటి సాఫ్ట్‌వేర్లు వాడతారు. కెయిల్‌కి విండోస్ కావాలి. వివాడో విండోస్, లినక్స్ మీద నడుస్తుంది, మ్యాక్ మీద నడవదు. పైగా దాని ఇన్‌స్టలేషన్ ఒక్కటే పదుల జీబీలు తింటుంది. సివిల్ వాళ్ల స్టాడ్ ప్రో, ఈట్యాబ్స్, రెవిట్, మెకానికల్ వాళ్ల సాలిడ్‌వర్క్స్ కూడా విండోస్‌వే. సీఎస్ఈలో మాత్రం మ్యాక్ అయినా, విండోస్ అయినా, లినక్స్ అయినా ఇబ్బంది ఉండదు. అందుకే సీఎస్ఈ వచ్చేస్తుందన్న ధీమాతో ఇప్పుడే మ్యాక్‌బుక్ కొని, చివరికి ఈసీఈలోనే ఉండిపోతే ల్యాబ్ రికార్డు దగ్గర అవస్థ పడతావు. స్నాప్‌డ్రాగన్ ప్రాసెసర్‌తో వచ్చే విండోస్ ల్యాప్‌టాప్‌లకూ ఇదే మాట. వాటి బ్యాటరీ చాలాసేపు వస్తుంది, నిజమే. కానీ ఇంజినీరింగ్ సాఫ్ట్‌వేర్లు, బోర్డులకు పెట్టే డ్రైవర్లు ఎక్కువగా ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లకు రాసినవి. ఇంజినీరింగ్ విద్యార్థికి ఆ రిస్కు అక్కర్లేదు.

చదువు ఆగిపోతుందన్న భయం పెట్టుకోకు. మొదటి సెమిస్టర్‌లో గణితం, ఫిజిక్స్ లేదా కెమిస్ట్రీ, సీ ప్రోగ్రామింగ్ ఉంటాయి. సీ ల్యాబ్‌కి కాలేజీ కంప్యూటర్లే ఉంటాయి. క్లాసులు మొదలైన వారంలో సీనియర్లను ఇద్దర్ని అడుగు: మొదటి ఏడాది ల్యాప్‌టాప్ నిజంగా ఎంత వాడారు, ఏ సాఫ్ట్‌వేర్ దగ్గర ఇబ్బంది పడ్డారు. షాపువాడు ఎంత చెప్పినా ఆ జవాబంత పనికిరాదు.

ఇక మెషిన్ విషయం. కొన్నాక మార్చలేనివి ముందు చూడు. ప్రాసెసర్, స్క్రీన్, కీబోర్డు, మదర్‌బోర్డుకి అతికించేసిన ర్యామ్ మార్చలేం. ఫైళ్లు దాచుకునే డిస్కు, అంటే ఎస్ఎస్‌డీ, మార్చుకోవచ్చు, స్లాటులో పెట్టే ర్యామ్ పెంచుకోవచ్చు. డబ్బంతా మొదటి రకం వాటి మీద పెట్టు.

ప్రాసెసర్ దగ్గరే ఎక్కువమంది మోసపోతారు. 'ఐ5', 'రైజెన్ 5' అన్న పేరు చూసి తీసుకోకు, దాని వెనక ఉన్న నంబరు చదువు. ఏఎండీ 7000 సిరీస్‌లో మూడో అంకె అసలు తరం చెప్తుంది. రైజెన్ 5 7520యు అంటే జెన్ 2, అంటే 2019లో వచ్చిన నిర్మాణం. అందులో 4 కోర్లే (లెక్కలు చేసే భాగాలు), ర్యామ్ కూడా బోర్డుకి అతికించేసే వస్తుంది. రైజెన్ 5 7530యు అంటే జెన్ 3, 6 కోర్లు. రెండూ పక్కపక్కనే పెట్టి ఒకే రకంగా అమ్ముతారు. తేడా ఒక్క అంకెలో ఉంది. ఈ సూత్రం ఆ సిరీస్‌కే, తర్వాత వచ్చిన పేర్లకు వర్తించదు.

ఇంటెల్‌లో చివరి అక్షరం చూడు. యు అంటే తక్కువ కరెంటుతో నడిచేది, బ్యాటరీ కాస్త ఎక్కువసేపు వస్తుంది. హెచ్ అంటే పని గట్టిగా చేసేది, వేడి కూడా ఎక్కువే. ఐ5-12450హెచ్, ఐ5-13420హెచ్ రెండింటిలోనూ 4 పెద్ద కోర్లు, 4 చిన్న కోర్లు ఉంటాయి. కోడింగ్‌కి, సిమ్యులేషన్‌కి నీ బడ్జెట్‌లో ఇవి బాగానే పనికొస్తాయి. 'కోర్ 5 120యు' అన్న కొత్త పేరు చూసి కొత్త తరం అనుకోకు, లోపల ఉన్నది 13వ తరం నిర్మాణమే. 'కోర్ అల్ట్రా' వేరు. ఎన్ అక్షరంతో మొదలయ్యేవి, ఐ3-ఎన్305 లాంటివి, నాలుగేళ్ల ఇంజినీరింగ్‌కి వద్దు.

ర్యామ్ 16 జీబీ ఉండాలి. ఫోన్ యాప్‌లు రాసే ఆండ్రాయిడ్ స్టూడియోని ఎమ్యులేటర్‌తో (కంప్యూటర్‌లోనే నడిచే నమూనా ఫోన్) కలిపి నడపడానికి గూగుల్ చెప్పే కనీసం కూడా 16 జీబీయే. డబ్బు సరిపోక 8 జీబీ తీసుకోవాల్సి వస్తే, ఖాళీ స్లాటు ఉందో లేదో తేల్చుకున్నాకే తీసుకో. షాపులో టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో మెమరీ నొక్కితే ఎన్ని స్లాట్లు ఉన్నాయి, ఎన్ని నిండాయి అన్నది కనిపిస్తుంది. అక్కడ 'రో ఆఫ్ చిప్స్' అని ఉంటే అతికించేసిందని అర్థం. ఒక్కోసారి ఆ లెక్క తప్పు చూపిస్తుంది, కాబట్టి కంపెనీ వెబ్‌సైట్‌లోని స్పెసిఫికేషన్ పేజీ కూడా సరిచూడు. ఇంకొకటి, ఒకే 16 జీబీ స్టిక్ కంటే రెండు 8 జీబీ స్టిక్కులు మేలు. వేరే గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కూడా ఆ ర్యామ్‌నే వాడుకుంటుంది, ఒకే స్టిక్ అయితే డేటాకి దారి ఒక్కటే ఉండి వేగం పడిపోతుంది. ఎస్ఎస్‌డీ 512 జీబీ, ఎన్‌వీఎంఈ అనే వేగమైన రకం చాలు.

స్క్రీన్ గురించి ఎవరూ అడగరు, నాలుగేళ్లు కళ్లు పెట్టుకుని చూసేది మాత్రం దాన్నే. చీటీ మీద '45 శాతం ఎన్‌టీఎస్‌సీ, 250 నిట్స్' అని ఉంటే (మొదటిది రంగుల కొలత, రెండోది వెలుతురు కొలత) రంగులు వెలిసిపోయినట్టు ఉంటాయి, హాస్టల్ కిటికీ పక్కన పగలు కూర్చుంటే అక్షరాలు సరిగా కనపడవు. పక్కనుంచి చూసినా రంగు మారని ఐపీఎస్ ప్యానెల్, కనీసం 300 నిట్స్ చూడు. 1920x1200 దొరికితే ఇంకా మంచిది, నిలువు ఎత్తు ఎక్కువ కాబట్టి కోడ్ నాలుగు వరసలు ఎక్కువ కనిపిస్తుంది.

గేమింగ్ ల్యాప్‌టాప్ కొనమని స్నేహితులు చెప్తారు. మెషిన్ లెర్నింగ్‌కి ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డు ఉంటే పనికొస్తుంది, కాదనను. కానీ 60,000లో కార్డు ఇరికించాలంటే స్క్రీన్, బ్యాటరీ, ర్యామ్ తగ్గించేస్తారు. పైగా రెండుంపావు కిలోల బరువు, దాని ఛార్జర్ బరువు వేరే. నేర్చుకునే దశలో గూగుల్ కొలాబ్ అనే ఆన్‌లైన్ సేవలో టీ4 జీపీయూ (గ్రాఫిక్స్ ప్రాసెసర్) పరిమిత సమయానికి ఉచితంగానే దొరుకుతుంది. రోజూ బస్సులో మోసే సంచికి కిలోన్నర, కిలో ఏడువందల లోపు మెషిన్ చూడు. బ్యాటరీ 50 వాట్ అవర్ దాటి ఉండాలి. యూఎస్‌బీ-సీ ఛార్జింగ్ ఉంటే ఛార్జర్ మరిచిపోయిన రోజు పక్కవాళ్లది వాడుకోవచ్చు.

ఎప్పుడు కొనాలన్న దానికి నా మాట ఇది: స్లైడింగ్ అయిపోయిన రోజు నుంచి దసరా అమ్మకాల దాకా. ఆగస్టు 15 చుట్టూ ఒకసారి, దసరా దీపావళికి ఇంకోసారి ఆన్‌లైన్‌లోనూ, షాపుల్లోనూ ధరలు దిగుతాయి. అంతకు మించి ఆగకు. 2025 చివరి నుంచి మెమరీ చిప్‌ల ధరలు బాగా పెరిగాయి, ఆగితే తగ్గుతుందన్న పాత లెక్క మీద ఆధారపడలేం. నచ్చిన రెండు మోడళ్ల ధర ఇప్పటి నుంచే వారానికోసారి రాసి పెట్టుకో. అమ్మకం రోజున '40 శాతం తగ్గింపు' అన్నది ఎమ్మార్పీ మీదా, గత వారం ధర మీదా అన్నది అప్పుడు తెలుస్తుంది.

నో కాస్ట్ ఈఎంఐ అంటే పూర్తిగా ఉచితం కాదు. 60,000 మెషిన్‌కి నెలకు 10,000 చొప్పున ఆరు నెలలు, బ్యాంకు వడ్డీ 15 శాతం అనుకో. వడ్డీ సుమారు 2,540 అవుతుంది. దాన్ని ముందే తగ్గింపుగా ఇస్తారు, కానీ ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, దాదాపు 457, మీరే కట్టాలి. ప్రాసెసింగ్ ఫీజు అదనం. ఫీజుకి ఎడ్యుకేషన్ లోన్ తీసుకుంటుంటే, కోర్సుకి కావలసిన కంప్యూటర్ ఖర్చు కూడా అందులో కలపమని బ్యాంకులో అడగండి. లోన్ శాంక్షన్ కాకముందే షాపు కొటేషన్ బ్యాంకుకి ఇవ్వాలి.

సెకండ్ హ్యాండ్ ఆలోచన వస్తే, ఆఫీసులు వాడి వదిలేసిన థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్, ఎలైట్‌బుక్ మోడళ్లు గట్టివే. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది, ఇంటెల్ 8వ తరం కంటే పాతవాటికి విండోస్ 11 అధికారికంగా రాదు, కాబట్టి అంతకంటే పాతది ముట్టుకోకు. బయోస్‌లోకి (విండోస్ తెరుచుకోక ముందు వచ్చే సెట్టింగ్‌లు) వెళ్లి పాస్‌వర్డ్ అడగడం లేదని చూసుకో.

కొన్న రోజు తొందరపడకు. ఆన్‌లైన్‌లో అయితే సీలు కోసే ముందు నుంచి ఆపకుండా వీడియో తీయండి. పెట్టె మీద, మెషిన్ అడుగున, బిల్లు మీద సీరియల్ నంబరు ఒకటేనా చూడు. కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొట్టి వారంటీ ఏ తేదీ నుంచి మొదలైందో చూడు. ఎప్పుడో మొదలైపోయి ఉంటే బిల్లు చూపించి సరిచేయించుకోవాలి. బ్యాటరీ రిపోర్ట్ తీసి చూస్తే పూర్తి ఛార్జి సామర్థ్యం డిజైన్ సామర్థ్యానికి దగ్గరగా ఉండాలి. బాగా తక్కువుంటే అది షోరూములో వాడిన పీస్ కావచ్చు. తెల్లని, నల్లని తెర పెట్టి చుక్కలు వెతుకు. ప్రతి కీ నొక్కు, ప్రతి పోర్టులో పెన్‌డ్రైవ్ పెట్టు. రిటర్న్ గడువు లోపలే ఇవన్నీ అవ్వాలి.

విండోస్ 11 కొత్త మెషిన్లలో డిస్కుకి తాళం తనంతట తానే పడుతుంది. ఆ రికవరీ కీ నీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. ఒక కాగితం మీద రాసి ఇంట్లో మీ అమ్మ దగ్గర ఉంచు, తర్వాత బయోస్ అప్‌డేట్ అయ్యాక అడిగితే అది లేకుండా నీ ఫైళ్లు తెరుచుకోవు. మెషిన్‌తో వచ్చే మైక్రోసాఫ్ట్ ఆఫీస్‌ని కూడా మొదట్లోనే ఆ అకౌంట్‌కి కలిపేసుకో. ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆగే సెట్టింగ్ పెట్టు. మంచం మీద పరుపుకి ఆనించి వాడితే అడుగున గాలి దారి మూసుకుపోతుంది. మూత ఒక మూల పట్టి లేపకు. మూత తిరిగే ఇరుసు మరలు చాలా మోడళ్లలో ప్లాస్టిక్‌లో పొదిగిన ఇత్తడి నట్లలో ఉంటాయి, ఒకవైపే లాగితే అవి ఊడిరావచ్చు, వారంటీలో చేయకపోవచ్చు.

డబ్బు కట్టే ముందు మోడల్ పూర్తి నంబరు వాట్సాప్ చెయ్యి. పెట్టె మీద పేరు పక్కన అంకెలు, అక్షరాలు కలిసి ఉండే కోడ్ అది. ఒకే పేరుతో పది రకాలు అమ్ముతారు, ఆ కోడ్ చూస్తేనే లోపల ఏముందో తెలుస్తుంది. రాత్రయినా సరే చూసి చెప్తాను.

మీ బాబాయి