చెస్ మాస్టారికి సన్మానం: శాలువా కాక ఇంకేం చేయొచ్చు?

విజయవాడలో జీవితమంతా చెస్ ఆడి, పిల్లలకు నేర్పిన పెద్దాయన్ని ఎలా గౌరవించాలని కదా అడిగారు. శాలువా, మెమెంటో, ప్రసంగాలు ఎలాగూ ఉంటాయి, కానివ్వండి. ముందు ఆయన పాత స్కోర్‌షీట్లు అడిగి తీసుకోండి. టోర్నమెంట్లో ప్రతి ఎత్తూ రాసుకున్న ఆ కాగితాలు ఏ అటక మీదో పడి ఉంటాయి. వాటిలో ‘పి-కె4’ లాంటివి కనిపిస్తే కంగారు పడకండి. రాజు ముందున్న బంటు తన వైపు నుంచి నాలుగో గడికి జరిగిందని అర్థం. తెల్లవైపు అది ఇప్పటి ‘ఇ4’, నల్లవైపు ‘ఇ5’. ఈ పాత పద్ధతిని అంతర్జాతీయ చెస్ సమాఖ్య ఫిడే 1981లో పక్కన పెట్టేసింది, ఇప్పటి పిల్లలకు తెలియదు. చెరిగిన అక్షరాలూ, తికమకలూ ఆయన పక్కన కూర్చుంటేనే తేలతాయి. చెస్ ఆటలు దాచుకునే పీజీఎన్ అనే రకం ఫైలుగా ఎక్కిస్తే ఫోన్లోనే ఆ ఆటలు చూడొచ్చు.

కోనేరు హంపి 2002లో పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయింది. నేర్పిన తండ్రి అశోక్ గారికి 2006లో ద్రోణాచార్య అవార్డు వచ్చింది. వీధి చివర గదిలో నేర్పేవాళ్లకు ఆ అదృష్టం ఎక్కడిది? అందుకే శిష్యులే పూనుకోవాలి. మాస్టారి పేరున ఒకరోజు ర్యాపిడ్ టోర్నీ, అంటే తక్కువ టైంలో ఆట ముగిసే పోటీ, పెట్టండి. ఓపిక ఉందంటే పాత శిష్యులతో ఒకేసారి పది బోర్డులు ఆడించండి. ఆయన కుర్చీలో కూర్చునేలా బల్లలు చుట్టూ వేస్తే సరి, నడిపించొద్దు.