డార్క్ చాక్లెట్ తింటూ బీపీ మాత్ర మానేశాను, ఫర్వాలేదా?

ప్రశ్న: నా వయసు 52. కనిగిరి దగ్గర పల్లె. మా అబ్బాయి 70 శాతం డార్క్ చాక్లెట్ పంపిస్తున్నాడు. అందులో మెగ్నీషియం, పొటాషియం, ఐరన్ ఉంటాయని, బీపీకి మంచిదని చదివాను. రెండు నెలలుగా అది తింటూ బీపీ మాత్ర మానేశాను. తల తిరగడం లాంటివేమీ లేవు. రోజుకు ఎన్ని ముక్కలు తినొచ్చు? మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపు మాత్ర రోజూ వేసుకుంటాను. సాయంత్రానికి పాదాలు కాస్త ఉబ్బుతున్నాయి.

డాక్టర్ సలహా: చాక్లెట్ సంగతి తర్వాత చూద్దాం. మీరు చివర్లో రాసిన రెండు మాటలే నాకు టెన్షన్ పెడుతున్నాయి.

పాదాల వాపుకు కారణాలు చాలా ఉంటాయి. మిమ్మల్ని చూడకుండా ఫలానా జబ్బని నేను తేల్చలేను. కానీ మీ వైపు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ, కీళ్ల నొప్పులు ఎక్కువ, కిడ్నీ జబ్బులూ ఎక్కువే. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు బీపీని పెంచుతాయి, ఒంట్లో నీరు చేరేలా చేస్తాయి. నెలల తరబడి వాడితే కిడ్నీలు దెబ్బతినొచ్చు. ఓపీలో రోజూ చూస్తుంటాను: ‘ఏం మాత్ర వాడుతున్నారు?’ అంటే చొక్కా జేబులోంచి కత్తిరించిన అట్ట ముక్క తీసి బల్ల మీద పెడతారు. అందులో రెండు మాత్రలుంటాయి, మందు పేరున్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. ఏం మింగుతున్నామో తెలియకుండానే ఏళ్లు గడిచిపోతాయి. మీరు మాత్రం ఇవాళ్టి నుంచే ఆ నొప్పి మాత్ర ఆపండి. నొప్పికి ఏది వాడాలో డాక్టరు చెబుతారు.

తల తిరగలేదు కాబట్టి బీపీ లేదనుకోవడం పొరపాటు. చాలామందికి ఏ లక్షణమూ ఉండదు. మానేశాక ఒక్కసారైనా బీపీ చూపించుకున్నారా? మీ ఉత్తరంలో ఆ అంకే లేదు. అంత నిర్లక్ష్యం వద్దండీ.

ఇక చాక్లెట్. కోకోలోని ఫ్లావనాల్స్ అనే సహజ పదార్థాలు రక్తనాళాలు సాగడానికి సాయపడతాయన్నది నిజమే. అయితే పరిశోధనలన్నీ కలిపి చూసిన కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ 2017 నాటి సమీక్షలో బీపీ తగ్గింది సగటున 2 పాయింట్ల లోపే. అది మాత్రకు బదులు కాదు. కోకోను క్షారంతో శుద్ధి చేస్తే ఫ్లావనాల్స్ చాలావరకు పోతాయి, కాబట్టి ‘70 శాతం’ అన్న అంకె చూసి అవి ఎన్ని మిగిలాయో చెప్పలేం. 100 గ్రాముల డార్క్ చాక్లెట్‌లో దాదాపు 700 మిల్లీగ్రాముల పొటాషియం, 230 మిల్లీగ్రాముల మెగ్నీషియం, 12 మిల్లీగ్రాముల ఐరన్, వాటితోపాటు 600 కేలరీలు ఉంటాయి. ఆ ఐరన్ కూడా ఒంటికి పూర్తిగా పట్టదు. మీరు మంచిదని రాసిన పొటాషియమే, కిడ్నీ పనితీరు తగ్గినవాళ్లకు ప్రమాదం. రిపోర్టులు వచ్చేదాకా చాక్లెట్ ఆపండి. అన్నీ బాగుంటే, మీ డాక్టరు సరేనంటే, రోజుకు రెండు చిన్న ముక్కలు చాలు.

రేపే దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లి బీపీ, సీరమ్ క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష), పొటాషియం, మూత్రంలో ప్రోటీన్, షుగర్ చూపించుకోండి. పాత బీపీ మాత్రను మీ అంతట మీరు మళ్లీ మొదలుపెట్టకండి. కొన్ని బీపీ మందులు కూడా పొటాషియాన్ని పెంచుతాయి. ఏది, ఎంత మోతాదు అన్నది పరీక్షలు చూసి డాక్టరే రాయాలి. ఈలోగా ఆయాసం వచ్చినా, ఛాతీలో నొప్పి అనిపించినా, మూత్రం తగ్గినా రేపటిదాకా ఆగొద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి.

వెళ్లేటప్పుడు ఆ నొప్పి మాత్రల అట్ట, పేరున్న ముక్కతో సహా షాపులో అడిగి తీసుకుని, పాత బీపీ చీటీతో పాటు పట్టుకెళ్లండి.