ఈబీవీ పాజిటివ్ అంటే క్యాన్సర్ అని కాదు

మేడమ్, బాబు రిపోర్టులో ఈబీవీ (ఎప్‌స్టీన్-బార్ అనే వైరస్) యాంటీబాడీల్లో ఐజీజీ పాజిటివ్, ఐజీఎం నెగటివ్ అని చూసి, నెట్‌లో బర్కిట్ లింఫోమా అనే క్యాన్సర్ గురించి చదివి టెన్షన్ పడుతున్నారు. అది సాధారణంగా పాత ఇన్ఫెక్షన్‌కు గుర్తు. పెద్దవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా ఉంటుంది. మీకు చేయించినా బహుశా పాజిటివే.

ఈ వైరస్‌కు ఆ క్యాన్సర్‌తో సంబంధం మాత్రం నిజమే. ఉగాండా పిల్లల దవడల్లో వేగంగా పెరిగే గడ్డల గురించి సర్జన్ డెనిస్ బర్కిట్ 1958లో రాశారు. ఆ గడ్డల కణాల్లోనే 1964లో ఈ వైరస్ బయటపడింది. కానీ వైరస్ ఒక్కటే చాలదు. అక్కడ మలేరియా పదేపదే వస్తుంది, పైగా కణంలో మిక్ అనే జన్యువు చోటు మారాలి.

దవడో పొట్టో రోజుల్లోనే ఉబ్బుతుంటే మాత్రం వెంటనే డాక్టరుకు చూపించండి. బాబు హుషారుగా ఉంటే అదే టెస్టు మళ్లీ చేయించడం డబ్బు దండగ.