ఆరు చాంబర్లు, ఆరు తుపాకులు

విల్లివాక్కం, చెన్నై

చిరంజీవి హారికకు,

మావయ్య ఆశీస్సులు. నీ .22 రివాల్వర్‌తో (.22 అంటే గుండు వెడల్పు, అంగుళంలో) కాల్చి నువ్వు పంపిన టార్గెట్ కాగితాల ఫోటోలు చూశాను. నాలుగు గుండ్లు ఒక్కచోట పడ్డాయి, ఐదోది ఎడమకి, ఎక్కడో దూరంగా. "లోపం నా చేతిలోనా, తుపాకీలోనా మావయ్యా?" అని అడిగావు. ఆ ఫోటోలు చూసి ఎవరూ చెప్పలేరు. ఏ గుండు ఏ చాంబర్‌లోంచి, అంటే తూటా కూర్చునే ఏ గదిలోంచి వచ్చిందో అందులో లేదు కదా.

పిస్టల్‌లో చాంబరూ బారెలూ ఒకటే ముక్క. రివాల్వర్‌లో అలా కాదు. సిలిండర్ అనే తిరిగే దిమ్మలో ఆరు చాంబర్లుంటాయి, అవి వంతులవారీగా తిరిగొచ్చి ఒకే బారెల్ వెనక నిలబడతాయి. ఒక్కోటి వెంట్రుకవాసి తేడాతో ఆగుతుంది. బారెల్ మొదట్లో ఉండే గరాటు నోరు, ఫోర్సింగ్ కోన్ అంటారే, అది ఆ తేడాని కొంత సర్దుతుంది. కొంతే. అందుకని మీ నాన్న నుంచి నీ లైసెన్సు మీదకి మారింది ఒక తుపాకీ అనుకోకు, ఒకే బారెల్ పంచుకునే ఆరు తుపాకులు అనుకో. ముందు వాటిని విడదీసి చూడాలి.

సిలిండర్ వెనక, ఒక్కో చాంబర్ పక్కన సన్నటి మార్కర్‌తో 1 నుంచి 6 వరకు అంకెలు వెయ్యి. సాల్వెంట్ తగిలితే పోతాయిలే. కాగితం మీద ఆరు చుక్కలు పెట్టి వాటికీ అవే అంకెలు రాయి. దూరం 15 మీటర్లు చాలు. బల్ల మీద ఇసుక సంచి పెట్టి, దాని మీద మణికట్టు ఆనించు. బారెల్ మాత్రం ఆనించకు, గట్టి వస్తువుకి ఆనితే గుండు పడే చోటు మారిపోతుంది. హ్యామర్‌ని, అంటే తూటాని కొట్టే సుత్తిని, ముందే చేత్తో వెనక్కి లాగి కాల్చు, అదే సింగిల్ యాక్షన్. హ్యామర్‌ని కూడా ట్రిగ్గరే లాగేది డబుల్ యాక్షన్. నీదానిలా తూటా అంచు మీద కొట్టి పేల్చే రిమ్‌ఫైర్ రివాల్వర్లలో ఆ లాగుడు బాగా బరువు. తూటా అంచుని గట్టిగా నలిపితేగాని మందు అంటుకోదు కాబట్టి లోపలి స్ప్రింగ్ బలంగా పెడతారు. పరీక్షలో ఆ బరువు కూడా కలిస్తే ఏది దేని తప్పో తేలదు.

మొదట పది తూటాలు ఊరికే కాల్చెయ్యి, లెక్కలోకి తీసుకోకు. .22 గుండుకి పూసిన మైనం బారెల్ లోపల పరుచుకుంటేగాని పడే చోటు కుదురుకోదు. తూటా కంపెనీ మార్చిన ప్రతిసారీ ఇంతే. తరవాత ఆరూ నింపి ఒక్కో చాంబర్‌ది దాని అంకె ఉన్న చుక్క మీదే కాల్చు. ఇలా ఐదు చుట్లు, మొత్తం 30 తూటాలు. ఒక చాంబర్‌తో వరసగా ఐదూ కాల్చి తరవాతదానికి పోవద్దు. అలా చేస్తే చివరి చాంబర్లకి నీ చేతి అలసటా, పేరుకున్న మసీ రెండూ చుట్టుకుంటాయి.

ఇక చదవడం. ఆరు గుంపులూ చెదిరిపోయి ఉంటే ఆ తూటా నీ బారెల్‌కి నచ్చలేదన్నమాట. ఇంకో రకం తీసుకుని మళ్ళీ మొదలుపెట్టు. హైవెలాసిటీ తూటా జోలికి పోకు, కాగితం మీద కాల్చేదానికి స్టాండర్డ్ వెలాసిటీయే మంచిది. మూడు రకాలు పరీక్షించేసరికి 120 తూటాలు అయిపోతాయి. ఖర్చే, కానీ ఇదే అసలు ఖర్చు. నచ్చింది దొరికితే పెట్టె మీది లాట్ నంబరు (ఒకే విడతలో తయారైనవాటి గుర్తు) రాసుకుని, లైసెన్సులో ఎంతకి అనుమతి ఉంటే అంతలో అదే లాట్ కొనుక్కో.

ఐదు చాంబర్లు బాగుండి ఒక్కటే పక్కకి పోతుంటే నీ ఫోటోల రహస్యం అదే. దానికి దిగులు పడకు. 25 మీటర్ల పోటీల్లో సిరీస్‌కి ఐదు తూటాలే. పక్కకి పోయే ఆ చాంబర్‌ని ఖాళీగా వదిలెయ్యి, తుపాకీని ఎవరి చేతా తాకించాల్సిన పని లేదు. ఆరూ దేనికదే బిగువుగా ఉండి ఆరు వేరు వేరు చోట్ల పడితే మాత్రం టైమింగ్ చూడాలి, అంటే చాంబర్ సమయానికి బారెల్‌కి సరిగ్గా ఎదురుగా వచ్చి నిలుస్తోందా అని. ఖాళీ తుపాకీ హ్యామర్‌ని చాలా నెమ్మదిగా లాగు. హ్యామర్ పూర్తిగా నిలవకముందే సిలిండర్ టక్కుమని గాడిలో పడాలి. ఏ అంకె దగ్గర పడటంలేదో రాసుకుని, లైసెన్సున్న గన్‌స్మిత్‌కి ఆ కాగితం చూపించు. ఫీలర్ గేజ్‌తో (సందులు కొలిచే పల్చటి రేకులు) సిలిండర్‌కీ బారెల్‌కీ మధ్య సందు కూడా కొలిపించు. 0.10 నుంచి 0.20 మిల్లీమీటర్లయితే బావున్నట్టే. కాల్చేటప్పుడు ఆ సందు పక్కన వేలు పెట్టకు. సీసం తునకలు, వేడి గాలి చిమ్మేది అక్కడినుంచే.

ఎంత బాగా కాలిస్తే బాగున్నట్టు అంటావా? 25 మీటర్ల ప్రిసిషన్ టార్గెట్‌లో పదో రింగు వెడల్పు 50 మిల్లీమీటర్లు. ఇసుక సంచి మీంచి ఒక చాంబర్ ఐదూ అందులో పెట్టిందంటే దాన్ని ముట్టుకోకు. తొమ్మిదో రింగులో, అంటే 100 మిల్లీమీటర్లలో పెట్టినా నీకిప్పటికి ఎక్కువే.

పేలని తూటాల గురించి కూడా అడిగావు. టప్పుమని కొట్టి పేలకపోతే గొట్టం టార్గెట్ వైపే ఉంచి 30 సెకన్లు ఆగు, ఆలస్యంగా పేలేవి ఉంటాయి. తరవాత తీసి అంచు మీది గుర్తు చూడు. గుర్తు లోతుగా ఉండీ పేలలేదంటే తప్పు తూటాది. అంచు లోపల పేలుడు మసాలా చుట్టూ సమంగా పరుచుకోలేదు. గుర్తు పైపైన ఉంటే తూటా పూర్తిగా లోపలికి కూర్చోలేదు, లేదా మెయిన్ స్ప్రింగ్ మెత్తబడింది. పిడి ముందు భాగంలో స్ప్రింగ్‌ని బిగించే స్క్రూ వదులైందేమో మొదట చూడు. ట్రిగ్గర్ తేలికవుతుందని కావాలనే దాన్ని వదులు చేసేవాళ్ళున్నారు, ఆ పని నువ్వు చెయ్యకు. పేలినా శబ్దం తుస్సుమని వస్తే అక్కడితో ఆపెయ్యి. గుండు బారెల్‌లోనే ఇరుక్కుని ఉండొచ్చు. దాని వెనక ఇంకోటి కాలిస్తే బారెల్ ఉబ్బిపోతుంది.

ఎప్పుడూ ఒకే అంకె చాంబర్ మొరాయిస్తుంటే దాని అంచుని వేలిగోరుతో తడిమి చూడు. ఖాళీ చాంబర్ల మీద ట్రిగ్గర్ నొక్కితే రిమ్‌ఫైర్ సుత్తి మొన ఎదురుగా ఉక్కుకే తగులుతుంది. అక్కడ గాటు పడి, లోహం లోపలికి నెట్టుకొచ్చి తూటాని పట్టేస్తుంది. ఇంట్లో ఉత్తుత్తి సాధన చెయ్యాలంటే కాల్చేసిన ఖాళీ కేసులు (తూటా తొడుగులు) పెట్టుకో, అంచు అంతా నలిగాక మార్చు. వాటికి నెయిల్ పాలిష్ ఎర్రగా వేసుకో. ఎర్రటిది కానిది ఏదీ సాధన బల్ల మీదకే రాకూడదు. అసలు తూటాలు పక్కగదిలో తాళంలో ఉండాలి.

అరవై, డెబ్భై కాల్చేసరికి కేసులు బయటికి రావడం మొండికేస్తాయి. అది జబ్బు కాదు, మైనమూ మసీ. తీసేటప్పుడు గొట్టం ఆకాశం వైపు పెట్టి ఎజెక్టర్ రాడ్‌ని, అంటే ఖాళీ కేసుల్ని బయటికి నెట్టే కడ్డీని, అరచేత్తో ఒక్క దెబ్బ కొట్టు. తుపాకీ అడ్డంగా పట్టుకుని మెల్లగా నెడితే కాలని మందు పలుకు ఒకటి ఎజెక్టర్ కొసన ఉండే నక్షత్రం ఆకారపు రేకు కింద చేరుతుంది. ఆ ఒక్క పలుకుకే సిలిండర్ తిరగనని కూర్చుంటుంది. జనం టైమింగ్ పోయిందని గన్‌స్మిత్ దగ్గరికి పరిగెత్తేది చాలాసార్లు ఇందుకే. పాత టూత్‌బ్రష్ చాలు. శుభ్రం చేసేటప్పుడు చాంబర్లకి ఇత్తడి బ్రష్ వాడు. బారెల్‌లోకి రాడ్ మూతి వైపు నుంచే పోతుంది కనక మూతి అంచు అరిగిపోకుండా గార్డ్ పెట్టు. ఆ అంచు ఒక పక్క అరిగితే ఆరు చాంబర్లూ ఒకేసారి చెడినట్టే.

మన ఊరి గాలి సంగతి నీకు తెలియనిది కాదు. ఏసీ కారులోంచి బయటికి తీయగానే ఇనుము మీద చెమ్మ పడుతుంది. ఆ చెమ్మ తుడవకుండా పెట్టెలో పెట్టేస్తే ఐప్పసి (అక్టోబరు, నవంబరు) వానల్లో వారానికే గోధుమ చుక్కలు వస్తాయి. తోలు ఒరలో ఉంచి సేఫ్‌లో పెట్టడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు, తోలు తేమని పట్టి ఉంచుతుంది. పల్చటి నూనె గుడ్డతో తుడిచి, సిలికా జెల్ సంచితో పెట్టు. కుట్టుమిషన్ నూనె పనికొస్తుంది. కొబ్బరినూనె మాత్రం వద్దు తల్లీ, పేరుకుని జిగురవుతుంది. చాంబర్లలో నూనె ఉంటే కాల్చేముందు పొడిగుడ్డతో తుడిచెయ్యి.

లైసెన్సు గడువు ఐదేళ్ళు, 2019 సవరణ నుంచి. రెండు నెలల ముందే వేపేరి కమిషనర్ ఆఫీసులో రెన్యువల్‌కి ఇచ్చెయ్యి. ఎన్నికలప్పుడు డిపాజిట్ చెయ్యమని నోటీసు వస్తే, ఇచ్చే ముందు దట్టంగా నూనె పట్టించి, నంబరు కనబడేలా నాలుగు వైపులా ఫోటోలు తీసి, రసీదు మీద ఆ నంబరు రాయించుకో. నెలలు పడి ఉంటుంది, ఎవరూ తుడవరు.

రేంజి నుంచి రాగానే సబ్బుతో చేతులు కడుక్కున్నాకే బజ్జీలు. తూటాలో సీసం ఉంది, మసిలోనూ ఉంది. ఆ 30 తూటాల కాగితం ఫోటో తీసి పంపించు, ఈసారి అంకెలు కనబడేట్టు.

ఇట్లు,
మావయ్య